నలుగురి చందాతో నిలిచిన నేల

ప్రతి గ్రామమునకును కంటికి ఇంపైన చోటు ఒకటి ఉండును. ఒక ఊరికి అది చెరువుగట్టు మీది మఱ్ఱిచెట్ల వరుస. మరియొక ఊరికి కొండ దిగువను పారు వాగు. వేరొక ఊరికి పెద్దల నాటి చింతతోపు. పశువులు మేయుటకును, బాటసారులు సేదదీరుటకును, పిల్లలు ఆడుకొనుటకును తరతరములుగా ఉపయోగపడుచున్న అట్టి చోటు ఎవరిదని సామాన్యముగా ఎవ్వరును అడుగరు. అది అమ్మకమునకు వచ్చినదని తెలిసిన నాడు ఆ ప్రశ్న పుట్టును. తరచుగా అప్పటికే కొనువాడు బయానా ఇచ్చియుండును.

అట్టి నేలను ప్రజలే చందాలు వేసికొని కొనవచ్చునా? కొన్న పిమ్మట అది మరల అన్యాక్రాంతము కాకుండ కాపాడుట ఎట్లు? ఇంగ్లండు దేశమున కొందరు ఈ పనికి నూరేండ్లకు పూర్వమే పూనుకొనిరి. మొదట ఓడిరి, ఓటమినుండి నేర్చుకొని పిదప గెలిచిరి. వారి అనుభవము గ్రామ పంచాయతీ సభ్యులకు మిగుల ఉపయోగపడునది.

డబ్బు చాలని చోట, డబ్బు అక్కరలేని చోట

19వ శతాబ్దమున ఇంగ్లండులో కర్మాగారములును, రైలుమార్గములును శీఘ్రముగా పెరిగినవి. పట్టణములు చుట్టుపట్ల పొలములను మ్రింగుచుండెను. లండను నగరములో పేదల ఇండ్ల బాగునకై పాటుపడిన ఆక్టేవియా హిల్ (1838–1912) అను మహిళ ఈ మార్పును దగ్గరగా చూచెను. ఇరుకు గదులలో కాపురముండు వారికి ఆరుబయట కూర్చుండుటకు కొంత పచ్చని నేల కావలెనని ఆమె దృఢముగా నమ్మెను.

లండనుకు వాయవ్యమున స్విస్ కాటేజి పొలములను పట్టణవాసులు సెలవు దినములలో వాహ్యాళికి ఉపయోగించుకొనెడివారు. 1875లో అవి ఇండ్ల స్థలములు కానున్నవని తెలిసి, 10,000 పౌనులు కూర్చి వానిని కొనవలెనని ఆమె చందాలకు బయలుదేరెను. చందాలు వచ్చెను. కాని భూమి సొంతదారులు వెనుకకు తగ్గిరి. పొలములు ఇండ్ల క్రిందికి పోయెను. ధర విషయమున, గడువు విషయమున సొంతదారు కట్టుబడియుండనిదే ఎన్ని చందాలు పోగైనను ఫలితము లేదని ఈ ఓటమి నేర్పెను.

రెండవ పాఠము 1884లో వచ్చెను. లండనులోని డెట్‌ఫర్డు ప్రాంతమున సేస్ కోర్టు అను పాతతోట కలదు. 17వ శతాబ్దమున జాన్ ఎవెలిన్ అను రచయిత పెంచిన తోట అది. అతని వంశీకులొకరు దానిని ప్రజలకొరకు ఇచ్చివేయ సంకల్పించిరి. ఇచట ధరయే లేదు. అయినను చిక్కు వచ్చిపడెను. ఆ తోటను ప్రజల పక్షమున స్వీకరించి, శాశ్వతముగా తన పేర ఉంచుకొని కాపాడదగిన సంస్థ ఏదియు ఆ దేశమున నాడు లేకుండెను.

ఈ లోపమును స్పష్టముగా గుర్తించినవారు రాబర్టు హంటరు (1844–1913) అను న్యాయవాది. 1865లో స్థాపింపబడిన ఉమ్మడి భూముల రక్షణ సంఘమునకు వారు న్యాయ సలహాదారులుగా పనిచేసిరి. పశువులు మేపుకొను హక్కు, వంటచెరకు తెచ్చుకొను హక్కు మొదలైనవానిని ఆధారముగా గొని, పెద్ద భూస్వాములు ఉమ్మడి భూములకు కంచెలు వేయకుండ ఆ సంఘము న్యాయస్థానములలో పోరాడెను. కాని పోరాడగల సంఘము భూమిని తన పేర ఉంచుకొనజాలకుండెను. భూమిని కొనుటకును, దానముగా పుచ్చుకొనుటకును అధికారము గల సంస్థ యొకటి కావలెనని హంటరు 1884లో ప్రతిపాదించిరి. సరస్సుల సీమలోని కెజిక్ పట్టణపు చర్చి గురువు హార్డ్విక్ రాన్స్లీ వారితో చేయి కలిపిరి. 1895 జనవరి 12వ తేదీన నేషనల్ ట్రస్టు అను పేర ఆ సంస్థ రిజిస్టరు చేయబడెను. అదే సంవత్సరమున వేల్సు తీరమున బార్మత్ పట్టణమునకు పైనున్న నాలుగున్నర ఎకరముల కొండచరియను శ్రీమతి ఫానీ టాల్బట్ దానము చేసిరి. 1899లో విక్కెన్ ఫెన్ అను చిత్తడి నేలలో రెండు ఎకరములను సంస్థ 10 పౌనులకు కొనెను.

బ్రాండెల్హౌ చందా

ఉత్తర ఇంగ్లండున డెర్వెంట్ వాటరు అను సుందరమైన సరస్సు కలదు. దాని పశ్చిమ తీరమున బ్రాండెల్హౌ అను 108 ఎకరముల అడవి, ఒడ్డు కలిసిన భూమి అమ్మకమునకు వచ్చెను. కొన్నవారు అచట ఇండ్లు కట్టుకొన్నచో సామాన్యునికి సరస్సు ఒడ్డు చేరు దారి మూసికొనిపోవును. ధర 6,500 పౌనులు. ఏడేండ్ల సంస్థకు అది పెద్ద మొత్తము.

ట్రస్టు వారు విజ్ఞప్తి పత్రములను వ్రాసి దేశమంతట పంపిరి. సంపన్నులు పెద్ద మొత్తములు పంపిరి. కాని అందరి దృష్టిని ఆకర్షించినవి చిన్న చందాలు. షెఫీల్డు పట్టణపు కర్మాగార కార్మికులొకరు కొద్దిపాటి షిల్లింగులు పంపుచు, సరస్సులను చూడవలెనని జీవితమంతయు కోరుకొంటిననియు, ఇక చూచు యోగము లేదనియు, ఇతరులకైన అవి మిగులవలెనని ఈ సొమ్ము పంపుచున్నాననియు వ్రాసిరి. ఆ కాలమున ఇరువది షిల్లింగులు ఒక పౌను.

అయిదు మాసములలో సొమ్ము పూర్తిగా సమకూడెను. 1902 అక్టోబరు 16వ తేదీన రాజకుమారి లూయీజ్ ఆ భూమిని ప్రజలకు తెరచెను. పిమ్మట కొలది సంవత్సరములకే, అల్స్‌వాటరు సరస్సు చెంత గౌబరో అను సుమారు 700 ఎకరముల భూమిని 12,000 పౌనుల చందాతో కొనగలిగిరి. ఒకసారి విశ్వాసము కుదిరిన పిదప రెండవ విజ్ఞప్తికి దారి సులభమైనది.

చందాల సేకరణకు పలు మార్గములు తోడ్పడినవి. పిల్లల కథలు వ్రాసి బొమ్మలు గీసిన బియాట్రిక్స్ పాటరు, 1927లో విండర్మియరు సరస్సు ఒడ్డున కాక్‌షాట్ పాయింటు అను చోటును రక్షించు నిధికై తన చిత్రములు యాభైని సంతకము చేసి, ఒక్కొక్కటి ఒక గినీ చొప్పున అమెరికాలోని పాఠకులకు విక్రయించెను. ఎవరి చేతిలో ఏ విద్య యున్నదో దానినే చందాగా ఇయ్యవచ్చునని దీనివలన తెలియుచున్నది. ఆమె 1943లో మరణించినపుడు సుమారు 4,000 ఎకరముల భూమిని ట్రస్టునకు వ్రాసియిచ్చెను.

కొన్న నేలకు తాళము

చందాదారుడు అడుగు మొదటి ప్రశ్న ఇది: “నేనిచ్చిన సొమ్ముతో కొన్న భూమిని రేపు మరియొక కమిటీ వచ్చి అమ్మివేయదని నమ్మకమేమి?” దీనికి సమాధానముగా 1907లో బ్రిటిషు పార్లమెంటు నేషనల్ ట్రస్టు చట్టమును చేసెను. సంస్థ ఏ భూమిని ‘అన్యాక్రాంతము చేయరానిది’గా ప్రకటించునో, ఆ భూమిని సంస్థయే యైనను అమ్మజాలదు, తాకట్టు పెట్టజాలదు. ఆ తాళమును వేయు అధికారము సంస్థకు కలదు. తీయు అధికారము లేదు. పేదవాడు పంపిన షిల్లింగునకు ఇంతకు మించిన రసీదు వేరొకటి లేదు.

ఇక పోషణ. చాలమంది భూమి ధరను మాత్రమే లెక్కించి పోషణవ్యయమును మరచెదరు. కంచె విరుగును. కాలిబాట వానకు కోసికొనిపోవును. ఎండకాలమున నిప్పు పడును. కాపలావాడు జీతమడుగును. ఈ కారణముననే ట్రస్టు వారు కాలక్రమమున, ఉచితముగా వచ్చు ఆస్తిని సైతము పోషణకు తగిన నిధి ఉన్నదా యని విచారించియే స్వీకరించు పద్ధతిని అవలంబించిరి. పోషణనిధి లేని దానము బరువుగా మారును.

మూడవది, ఆ నేలపై బ్రదుకువారి సంగతి. సరస్సుల సీమలో ట్రస్టు కొన్న కొండలపై గొఱ్ఱెల పెంపకము ఆగలేదు; కౌలు రైతులు నేటికిని సేద్యము చేయుచునే యున్నారు. పాటరుగారి వీలునామాలో ఆ ప్రాంతపు హెర్డ్విక్ జాతి గొఱ్ఱెల మందలను కొనసాగింపవలెనని కోరబడియున్నది. అందమును కాపాడు పేరిట మేపువానిని వెడలగొట్టినచో ఆ భూమికి నిత్యము కాపలాకాయు కన్ను పోవును.

ముందు జాబితా, పిదప చందా

1965లో ట్రస్టు వారు ‘ఎంటర్‌ప్రైజ్ నెప్ట్యూన్’ అను పేర సముద్రతీర రక్షణకై నిధిసేకరణము ఆరంభించిరి. అందు మొదటి పని సొమ్ము అడుగుట కాదు, తీరమును నడచి చూచుట. ఇంగ్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండులలోని తీరమును పరిశీలింపగా కొంత భాగము అప్పటికే చెడిపోయినదనియు, సుమారు 900 మైళ్ళు తప్పక రక్షింపదగినదనియు తేలెను. ఏది కావలెనో తెలిసిన పిమ్మట అడిగిన చందాకు ఒక లెక్క, ఒక గమ్యము ఏర్పడెను. నేడు 750 మైళ్ళకు పైగా తీరము ఆ సంస్థ సంరక్షణలో కలదు; సభ్యుల సంఖ్య 50 లక్షలకు మించినది. ఒకనాడు రెండెకరముల చిత్తడి నేలను పది పౌనులకు కొన్న సంస్థ ఇదియే.

మన గ్రామములలో

మన గ్రామములలో కొనుటకు ముందు చూడవలసిన విషయము మరియొకటి కలదు. కొనవలసిన అవసరమే లేని భూమి, అనగా ఇప్పటికే ఊరిదైన భూమి, ఎంత? 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము, ప్రభుత్వమునకు ప్రత్యేకముగా అవసరము లేని పశువుల మేతబీళ్ళు, కళ్ళములు, శ్మశానములు, పశువుల మందబయళ్ళు, బండ్ల నిలుపుదల స్థలములు, తోపులు మొదలగు పోరంబోకులు గ్రామ పంచాయతీకి సంక్రమించును. ఉన్నదానిని పోగొట్టుకొని క్రొత్తదానికి చందా పట్టుట వివేకము కాదు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించుటకు పథకములు సిద్ధపరుపవలసినదిగా 2011 జనవరిలో సుప్రీంకోర్టు పంజాబు రాష్ట్రపు చెరువు వ్యాజ్యములో రాష్ట్ర ప్రభుత్వములన్నిటిని ఆదేశించినది.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి గ్రామ పంచాయతీయును జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరుపవలెనని చెప్పుచున్నది. స్థానిక జీవవైవిధ్య నిధికిని అందు అవకాశము కలదు. అట్లే రాష్ట్ర ప్రభుత్వము స్థానిక సంస్థలను సంప్రదించి ముఖ్యమైన స్థలములను జీవవైవిధ్య వారసత్వ స్థలములుగా ప్రకటింపవచ్చును. తెలంగాణములో అమీన్‌పూరు చెరువునకు 2016లో ఈ గుర్తింపు లభించినది. అనంతపురము సీమలోని వీరాపురము గ్రామస్థులు ఏటేట వచ్చి చింతచెట్లపై గూళ్ళు కట్టు పెయింటెడ్ స్టార్కు కొంగలను తమ ఊరి బిడ్డలవలె కాపాడుచు వచ్చిరి. కొనుగోలు లేకయే రక్షణ సాధ్యమని దీనివలన గ్రహింపవచ్చును.

అయినను ప్రైవేటు భూమిని కొనక తప్పని సందర్భము వచ్చినచో, పై అనుభవములనుండి పంచాయతీ సభ్యులు ఈ క్రమమును పాటింపవచ్చును.

మొదట, ఆ భూమి సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులు నిర్ణయించుకొని, రెవిన్యూ రికార్డులను, రిజిస్ట్రేషను కార్యాలయమునుండి ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టును తీసికొని పరిశీలింపవలెను. అసైన్డు భూముల అమ్మకముపై చట్టపు నిబంధనలు కలవు గనుక, అట్టి భూమికి బయానా ఇచ్చుటకు ముందే తహసీల్దారు కార్యాలయమున విచారింపవలెను.

రెండవది, ధరను, గడువును సొంతదారుతో వ్రాతమూలకముగా నిశ్చయించుకొనవలెను. స్విస్ కాటేజి పొలములు నేర్పిన పాఠమిది.

మూడవది, భూమి ఎవరి పేర రిజిస్టరు కావలెనో చందాకు ముందే గ్రామసభలో తీర్మానింపవలెను. ఒక పెద్దమనిషి పేర, అతడెంత సత్పురుషుడైనను, ఉంచరాదు. మనిషి పోవును, వారసులు వత్తురు, వారితో వ్యాజ్యము వచ్చును.

నాలుగవది, ధరతోపాటు కనీసము కొన్ని యేండ్ల పోషణవ్యయమును కలిపి లక్ష్యము నిర్ణయింపవలెను. ఈ సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి, ప్రతి రూపాయికి రసీదు ఇచ్చి, చందాదారుల జాబితాను పంచాయతీ కార్యాలయపు గోడపై అంటింపవలెను. గడువులోగా కొనుగోలు జరుగనిచో సొమ్మును తిరిగి ఇచ్చు పద్ధతిని ముందే ప్రకటింపవలెను.

అయిదవది, అచట పశువులు మేపువారిని, పుల్లలేరుకొనువారిని, చేపలు పట్టువారిని పిలిచి మాటాడవలెను. వారి హక్కులు, వేళలు, హద్దులు కాగితముపైకి ఎక్కవలెను. వారిని విడిచిన తీర్మానము ఎంత అందముగా వ్రాసినను ఒక వర్షకాలము నిలువదు.

చివరగా ఒక మాట. ఒక ధనికుడు ఊరికి తోపును కొనియిచ్చినచో అది పుణ్యకార్యము. ఊరు కృతజ్ఞతతో ఉండును. కాని అందు వెయ్యిమంది రూపాయలు కలిసినచో, ఆ తోపులో గొడ్డలి శబ్దము విన్నపుడు వెయ్యిమంది తలుపులు తెరచుకొని వత్తురు. తాను ఎన్నడును చూడలేని సరస్సునకు షిల్లింగులు పంపిన ఆ కార్మికుని చేయి ఈ సత్యమునే చూపినది. రాబోవు గ్రామసభలో మన ఊరి అట్టి చోట్ల జాబితాను చదివించుట ఈ పనికి తొలి మెట్టు. దానికి చందాతో పనిలేదు. ఒక తెల్లకాగితము చాలును.