పెరిగిన మొత్తం, తగ్గిన మెట్లు

గోదావరికి ఇరువైపులా పరుచుకున్న ఖమ్మం, భద్రాచలం అటవీ సీమ శాస్త్ర పరిశోధనకు ఏనాటి నుంచో పరిచయమైన నేల. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిన తరువాతే సింగరేణి గనులు పుట్టాయి. మణుగూరు పక్కన అశ్వాపురంలో అణుశక్తి శాఖ భారజల కర్మాగారం నడుస్తోంది. కిన్నెరసాని అభయారణ్యంలోని జీవజాలం, కోయ గూడేల్లో కనిపించే సికిల్ సెల్ రక్తహీనత, కొండరెడ్ల పోడు సాగు, ఇవన్నీ పరిశోధకులను ఆకర్షించిన విషయాలే. అయితే ఈ నేల మీద పరిశోధన జరగడం వేరు, ఈ నేలలో పుట్టినవాళ్లు పరిశోధకులు కావడం వేరు. రెండోది చాలామటుకు ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనాల మీద, వాటి నిబంధనల మీద ఆధారపడి ఉంటుంది. గత పదేళ్లలో ఆ నిబంధనలు మారిన తీరును దగ్గరగా చూస్తే, పైమెట్టు మీద అందే మొత్తం పెరిగిందనీ, అక్కడికి చేర్చే కింది మెట్లు మాత్రం ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చాయనీ తెలుస్తుంది.

స్కాలర్‌షిప్, ఫెలోషిప్ అనే మాటలను వాడుకలో ఒకే అర్థంలో ఉపయోగిస్తున్నా వాటి మధ్య తేడా ఉంది. బడి నుంచి పీజీ దాకా చదువు ఖర్చుకు తోడుగా ఇచ్చేది స్కాలర్‌షిప్. పీహెచ్‌డీలో చేరి ప్రయోగశాలలోనో క్షేత్రంలోనో పూర్తికాలం పనిచేసేవారికి నెలనెలా ఇచ్చేది ఫెలోషిప్. ఫెలోషిప్ తీసుకునేవారు మరో ఉద్యోగం చేయడానికి వీల్లేదు కాబట్టి తిండి, అద్దె, ప్రయాణం, ఇంటికి పంపే సొమ్ము అన్నీ అందులోంచే రావాలి. ఒకప్పుడు ఇలాంటి తోడ్పాటు దాతల చేతుల్లో ఉండేది; భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా ప్రయాణానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. ధర్మసంస్థ అండ దొరికిన ఒక్క సుబ్బారావు పేరు మనకు తెలుసు. దొరకని వారి పేర్లు తెలియవు. ప్రభుత్వ ఉపకార వేతనం అవసరమయ్యేది ఆ రెండో జాబితా కోసమే.

ముందుగా మొత్తాల సంగతి. సీఎస్‌ఐఆర్ అని అందరూ పిలిచే శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1942లో ఏర్పడింది; హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ దాని ప్రయోగశాలలే. ఆ మండలి, విశ్వవిద్యాలయ నిధుల సంఘమైన యూజీసీ కలిసి జరిపే నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో పైస్థాయిలో నిలిచినవారికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్ దక్కుతుంది. మొదటి రెండేళ్లు జేఆర్‌ఎఫ్‌గా ఉండి, పని సంతృప్తికరంగా ఉందని సమీక్షలో తేలితే ఆపై మూడేళ్లు సీనియర్ ఫెలోగా, అంటే ఎస్‌ఆర్‌ఎఫ్‌గా కొనసాగుతారు. 2010లో జేఆర్‌ఎఫ్ నెలకు 16 వేల రూపాయలు. 2014 అక్టోబరు నుంచి 25 వేలు. 2019 జనవరి నుంచి 31 వేలు. 2023 జనవరి నుంచి 37 వేలు. ఇదే వరుసలో ఎస్‌ఆర్‌ఎఫ్ 18 వేల నుంచి 42 వేలకు చేరింది. 2023 నాటి పెంపు సుమారు 20 శాతం. అయితే ఈ పెంపులు ధరలతోపాటు ఏటా తమంతట తాము జరిగేవి కావు. నాలుగైదేళ్లకు ఒకసారి, చాలాసార్లు పరిశోధక విద్యార్థులు దేశమంతటా ఆందోళనకు దిగిన తరువాత వచ్చినవి. ఉద్యోగుల కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు సవరించే దేశంలో పరిశోధకులు ప్రతిసారీ రోడ్డెక్కి అడగాల్సి రావడం న్యాయం కాదు.

ఈ మొత్తానికి ఇంటి అద్దె భత్యం తోడవుతుంది. వసతిగృహంలో గది దొరకనివారికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల రేటు ప్రకారం హైదరాబాద్ వంటి మహానగరంలో 30 శాతం, వరంగల్ తరగతి నగరంలో 20 శాతం, మిగిలిన ఊళ్లలో 10 శాతం లెక్కన దీన్ని చెల్లిస్తారు. పుస్తకాలు, రసాయనాలు, క్షేత్ర పర్యటనల వంటి చిల్లర ఖర్చుల కోసం ఏడాదికి కొంత కంటింజెన్సీ సొమ్ము వేరుగా ఉంటుంది. దుమ్ముగూడెం, చర్ల మండలాల నుంచి వచ్చిన విద్యార్థి ఇంట్లో వేసవి ఆదాయమంటే తునికాకు. యాభై ఆకుల కట్టలు కట్టి, కల్లంలో ఎండబెట్టి, లెక్క అప్పజెప్పిన తరువాతగానీ డబ్బు చేతికి రాదు. అలాంటి ఇంటికి నెలనెలా వచ్చే 37 వేలు మామూలు మొత్తం కాదు.

కానీ నెలనెలా అన్నది కాగితం మీది మాట. ఫెలోషిప్ సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడే పద్ధతి వచ్చాక మధ్యవర్తుల బెడద తగ్గింది గానీ, చెల్లింపు కదలాలంటే విద్యార్థి ఆ నెల పనిలో ఉన్నాడని విశ్వవిద్యాలయం నుంచి ఒక ఉద్యోగి కంప్యూటర్‌లో నమోదు చేయాలి, మరో అధికారి దాన్ని ధ్రువీకరించాలి. ఇద్దరిలో ఒకరు సెలవులో ఉన్నా, ఆధార్‌లో పేరు ఒకలా, డిగ్రీ పట్టాలో మరోలా ఉన్నా ఆ నెల సొమ్ము ఆగిపోతుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న ఒక్క తేడా చాలు. కొన్నిసార్లు లోపం విశ్వవిద్యాలయంలో కాక పైన ఉంటుంది. శాస్త్ర, సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ 2024–25లో నెలల తరబడి అందక దేశవ్యాప్తంగా పరిశోధకులు ఇబ్బంది పడ్డారు. ఇంట్లో అప్పు ఇచ్చేవారున్న విద్యార్థి అలాంటి ఆలస్యాన్ని ఎలాగో తట్టుకుంటాడు. తునికాకు డబ్బు కోసం ఇంటివాళ్లే ఎదురుచూసే విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు. పెంచిన ఆరు వేల కన్నా ఒకటో తారీకున ఖాతాలో పడే పాత 31 వేలే అతనికి మేలు చేస్తాయన్నా తప్పులేదు.

ఇక కింది మెట్లు. పదో తరగతి విద్యార్థుల్లో ప్రతిభను గుర్తించడానికి 1963లో మొదలైన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష, అంటే ఎన్‌టీఎస్‌ఈ, తెలుగులో రాసే వీలున్న పరీక్ష. ఎంపికైనవారికి పీహెచ్‌డీ దాకా సాయం అందేది. 2021 తరువాత అది నిలిచిపోయింది. ఇంటర్ మొదటి సంవత్సరం నుంచి డిగ్రీ మొదటి సంవత్సరం దాకా చదివేవారి కోసం 1999లో పెట్టిన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన మౌలిక శాస్త్రాల వైపు వచ్చిన వారికి డిగ్రీలో నెలకు 5 వేలు, పీజీలో 7 వేలు ఇచ్చేది; దాన్ని 2022లో ఆపి ఇన్‌స్పైర్ పథకంలో కలిపేశారు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేకుండా పీహెచ్‌డీ చేసేవారికి ఇచ్చే నెలకు 8 వేల సాయాన్ని 2015 అక్టోబరులో యూజీసీ రద్దు చేయబోగా విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు రోజుల తరబడి బైఠాయించారు. సాయం నిలిచింది గానీ మొత్తం మాత్రం అక్కడే ఉండిపోయింది. మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను, ఇతర పథకాలతో కలగాపులగం అవుతోందన్న కారణం చూపి, 2022–23 నుంచి ఆపారు. విడివిడిగా చూస్తే ప్రతి నిర్ణయానికీ ఒక పాలనా కారణం కనిపిస్తుంది. కలిపి చూస్తే, పదహారేళ్ల వయసులో ఒక పిల్ల నువ్వు శాస్త్రం చదవగలవని ప్రభుత్వం చేత అనిపించుకునే సందర్భాలు తగ్గాయి.

మిగిలిన ప్రధానమైన మెట్టు ఇన్‌స్పైర్. 2008లో మొదలైన ఈ పథకంలో ఇంటర్ మార్కుల్లో తమ బోర్డు పరిధిలో మొదటి ఒక శాతంలో నిలిచి బీఎస్సీ లేదా సమీకృత ఎమ్మెస్సీ మౌలిక శాస్త్రాల్లో చేరినవారికి ఏడాదికి 80 వేల రూపాయలు ఇస్తారు. అందులో 60 వేలు విద్యార్థి చేతికి, 20 వేలు వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే చిన్న ప్రాజెక్టుకు. ఇంజినీరింగ్, వైద్యం చదివేవారికి ఇది వర్తించదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఇలాంటి మూడు పెద్ద పథకాలను విజ్ఞాన్ ధార పేరుతో ఒకటి చేసింది. పథకం మంచిదే. కానీ మొదటి ఒక శాతం అన్న గీత కార్పొరేట్ కాలేజీల మార్కుల స్థాయిలో పడుతుంది. భద్రాచలం ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతిక శాస్త్రం తెలుగులో చదివిన విద్యార్థి నూటికి తొంభై తెచ్చుకున్నా ఆ గీత అందకపోవచ్చు. అందుకున్నవారికీ వేసవి ప్రాజెక్టు దగ్గర మరో చిక్కు. ప్రయోగశాల ఉన్న గురువు హైదరాబాద్‌లో ఉంటాడు. ఎవరికి ఉత్తరం రాయాలో, ఏమని రాయాలో చెప్పేవారు ఊళ్లో ఉండరు.

బడి స్థాయిలో మిగిలిన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్‌లో ఉన్న ఒక నిబంధన ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా తగులుతుంది. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు మించని పిల్లలు ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు వస్తాయి. అయితే ప్రభుత్వమే తిండి, వసతి ఇచ్చే ఆవాస పాఠశాలల పిల్లలకు ఈ అర్హత లేదు. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదివే గిరిజన పిల్లలు ఇక్కడ ఎందరో. తిండి, వసతి ఉన్నాయి కాబట్టి డబ్బు అక్కర్లేదన్న తర్కం ఖర్చు లెక్కకు సరిపోతుంది. ఆ పరీక్ష కోసం చదవడం వల్ల వచ్చే అలవాటు, నెగ్గిన పేరు, వాటివల్ల కలిగే ధైర్యం ఆ లెక్కలోకి రావు.

పీహెచ్‌డీ వాకిట్లోనూ మార్పు వచ్చింది. 2024 మార్చిలో యూజీసీ తెచ్చిన పద్ధతి ప్రకారం విశ్వవిద్యాలయాలు సొంత ప్రవేశ పరీక్షలకు బదులుగా నెట్ ఫలితాన్నే వాడుకోవచ్చు. ఆ ఫలితాన్ని మూడు వర్గాలుగా ప్రకటిస్తారు: ఫెలోషిప్‌తోపాటు ప్రవేశ అర్హత, అధ్యాపక ఉద్యోగ అర్హతతోపాటు ప్రవేశ అర్హత, కేవలం ప్రవేశ అర్హత. చివరి రెండు వర్గాలవారికి నెట్ మార్కులకు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం విలువ ఉంటుంది. ఒక్క పరీక్షతో దేశమంతా దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి ఊరూరా తిరిగి ప్రవేశ పరీక్షలు రాసే ఖర్చు తప్పుతుంది. ఇది నిజమైన మేలు. ప్రమాదమూ అక్కడే ఉంది, ఎందుకంటే అన్ని దారులూ ఒకే పరీక్ష మీద పడ్డాయి. 2024 జూన్‌లో యూజీసీ నెట్‌ను జరిపిన మర్నాడే రద్దు చేశారు. శాస్త్ర విద్యార్థుల సీఎస్‌ఐఆర్ నెట్‌ను వాయిదా వేసి జూలై చివర నిర్వహించారు. పైగా ఆ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. ఇంట్లో కోయభాష, బడిలో తెలుగు, పీజీలో ఇంగ్లిష్ నేర్చిన విద్యార్థికి అది మూడో భాషలో రాసే పరీక్ష.

గిరిజన విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఉన్నది కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఇచ్చే జాతీయ ఫెలోషిప్. 2005–06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైన ఈ పథకాన్ని మొదట్లో యూజీసీ నడిపేది. తరువాత మంత్రిత్వ శాఖే చేపట్టింది. ఏటా 750 మందిని, నెట్ అవసరం లేకుండా, పీజీ మార్కుల ఆధారంగా ఎంపిక చేస్తారు. మొత్తం జేఆర్‌ఎఫ్‌తో సమానం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో గిరిజనులు పది కోట్లకు పైగా ఉన్నారు. అన్ని శాస్త్రాలకూ, భాషలకూ, సామాజిక విషయాలకూ కలిపి 750 అంటే ఎంత తక్కువో వేరుగా చెప్పనక్కర్లేదు. విదేశాల్లో చదివేందుకు ఇచ్చే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏటా ఇరవై మందికే. వాటిలో మూడు కొండరెడ్ల వంటి ఆదిమ తెగలకు కేటాయించారు.

ఈ అటవీ సరిహద్దులో ఊరు ఏ రాష్ట్రంలో ఉందన్నదీ పెద్ద ప్రశ్నే. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఖమ్మంలో కలిసింది. 2014లో రాష్ట్ర విభజన వేళ చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక విద్యార్థి భద్రాచలంలో చదువుకున్నా అతని కుల, ఆదాయ పత్రాలు, రాష్ట్ర స్కాలర్‌షిప్ దరఖాస్తు వేరే ప్రభుత్వానివి. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల పిల్లలకు గిరిజన ధ్రువపత్రమే దొరకడం కష్టం. ఆ ఒక్క కాగితం లేనిదే పైన చెప్పిన 750లో పోటీపడే అర్హత కూడా రాదు.

మరో చివర ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది. 2018 బడ్జెట్‌లో ప్రకటించిన ఈ పథకం కింద ఐఐటీలు, ఐఐఎస్‌సీ వంటి సంస్థల్లో చేరినవారికి నెలకు 70 వేల నుంచి 80 వేల దాకా నిర్ణయించారు. 2025 బడ్జెట్ వచ్చే ఐదేళ్లలో 10 వేల ఫెలోషిప్‌లు ఇస్తామని చెప్పింది. అత్యుత్తమ విద్యార్థులు విదేశాలకు వెళ్లకుండా నిలుపుకోవడం సరైన లక్ష్యమే. కానీ కాకతీయ విశ్వవిద్యాలయంలో చేరిన పరిశోధకుడు అదే రసాయన శాస్త్రంలో, అంతే కష్టంతో పనిచేస్తూ ఏ ఫెలోషిప్ లేకుండా ఉండిపోయే పరిస్థితి దీనివల్ల మారదు.

ఇల్లందు బొగ్గును గుర్తించిన నూట యాభై ఏళ్ల తరువాత ఒక మార్పు మాత్రం ఊరికి దగ్గరగా వచ్చింది. కొత్తగూడెంలో గనుల విద్యకు పేరుపడిన కాకతీయ విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలను తెలంగాణ ప్రభుత్వం 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చింది. 2023 చివర్లో చట్టం చేసిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ములుగులో తరగతులు మొదలుపెట్టింది. ఈ రెండింటిలో పీహెచ్‌డీ గురువులను నియమించి, వారి దగ్గర ఇన్‌స్పైర్ వేసవి ప్రాజెక్టులకు ఏజెన్సీ కళాశాలల విద్యార్థులను తీసుకుంటే, గుండాల, టేకులపల్లి, ఇల్లందు మండలాల పిల్లలకు ప్రయోగశాల మొదటిసారి బస్సు దూరంలోకి వస్తుంది. కొత్తగూడెం వంటి ఊరికి ఇంటి అద్దె భత్యం రేటు పదిశాతమే కావచ్చు. సాయంత్రం బస్సెక్కి ఇంటికి చేరగలిగే విద్యార్థికి ఆ అద్దె గది అవసరమే ఉండదు.