ఫ్రెంచి భాషలో స్వతంత్ర పరిశోధనము : యానాము నిదర్శనము

గోదావరి మండల చరిత్రలో కొంత భాగము ఫ్రెంచి భాషలో వ్రాయబడి యున్నది. దానికి కేంద్రము గౌతమీ తీరమునందలి యానాము. మన పూర్వులు పరాసులని పిలిచిన ఫ్రెంచివారు అచ్చట 1723లో వర్తక స్థావరమేర్పరచి, 1727లో విడిచి, పిమ్మట మరల ప్రవేశించిరి. నడుమ పలుమారులు ఆంగ్లేయుల వశమైనను, ఆ యూరు 1954 వరకు ఫ్రెంచి యేలుబడిలోనిదిగానే పరిగణింపబడినది. 1954 నవంబరు 1వ తేదీన పాలనము భారత ప్రభుత్వమునకు సంక్రమించెను. 1962 ఆగస్టు 16న విలీనము చట్టరీత్యా పూర్తియైనది. ఫ్రెంచి యేలుబడికి సంబంధించిన పత్రములకై పుదుచ్చేరిలోను, ఫ్రాన్సు దేశమున ఎక్సాన్ ప్రొవాన్సు నగరమునందలి ప్రభుత్వ అభిలేఖాగారములోను వెదుకవలసి యుండును. ఆంగ్ల గ్రంథములను మాత్రమే యాశ్రయించిన విద్యార్థి ఈ చరిత్రను ఇతరుల కన్నులతో చూచినవాడగును.

కావున ఫ్రెంచి నేర్చిన మన విద్యార్థి ఆ భాషలోనే ఒక స్వతంత్ర పరిశోధన వ్యాసమును వ్రాయబూనుట మిక్కిలి ప్రయోజనకరము. అయితే ‘స్వతంత్ర’ మనగా ఏకాకి యని యర్థము కాదు. ప్రశ్న విద్యార్థిది; ఆధారముల నన్వేషించుట, నిర్ణయము చేయుట అతని పని. ఆ నిర్ణయమునకు తగిన బలమున్నదా యని అడుగుచుండుట పర్యవేక్షకుని పని.

మొదటి చిక్కు విషయమును ఎన్నుకొనుటలోనే కలదు. ‘యానాము చరిత్ర’ యనునది విషయము కాదు, ఒక గ్రంథమాలకు పేరు. ఒక యుదాహరణము: 1929లో చేయబడిన శారదా చట్టము ఫ్రెంచి భూమికి వర్తింపలేదు, అందుచే పొరుగు జిల్లాలవారు బాల్యవివాహములకై యానామునకు పోవుచుండిరి. దీనిని పరిశీలింపదలచిన విద్యార్థి యానాము వివాహ నమోదు పుస్తకములను చూతుననును. అప్పుడు పర్యవేక్షకుడు ఇట్లడుగవలయును: “పొరుగు జిల్లాలనుండి వచ్చి తమ యాచారము చొప్పున పెండ్లి చేసికొని మరలిపోయినవారి పేర్లు ఆ పుస్తకములలో నెక్కునా? ఎక్కనిచో, అందు లేకపోవుట దేనికి సాక్ష్యము?” ఈ యొక్క ప్రశ్నతో పరిశోధనము సరియైన దారిలో పడును.

రెండవ చిక్కు పఠనమునందున్నది. నిఘంటువు ప్రతిచోట ఆదుకొనదు. యానాము గ్రామములను ఫ్రెంచి పత్రములు ‘ఆల్దే’ లనును. ఇది పోర్చుగీసువారినుండి వచ్చిన మాట, ఫ్రాన్సులోని పల్లెకు వాడునది కాదు. ఇంతకంటె ప్రమాదకరమైనది ‘రెనోన్సాన్’ అను పదము. దానికి ‘త్యజించినవాడు’ అని శబ్దార్థము. నేను పరిశోధక విద్యార్థిగా నున్న దినములలో దీనిని ‘సన్న్యాసి’ యని వ్రాసికొంటిని. పిమ్మట ఆస్తి పంపకము చేయు సన్న్యాసి యొకడు ఎదురు కాగా విస్తుపోయితిని. నా పర్యవేక్షకులు అర్థము చెప్పలేదు. “సన్న్యాసికి పంపకమేల? శాసనములు చూడుము” అని మాత్రమనిరి. చూడగా, 1881 సెప్టెంబరు 21 నాటి శాసనమును బట్టి, తన కులాచార ధర్మమును వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించినవాడే ‘రెనోన్సాన్’ అని తెలిసినది. అతడు త్యజించినది సంసారమును కాదు, ఒక న్యాయవ్యవస్థను. నాడు ఆయన నాకు సమాధానమే యిచ్చియున్నచో నేనొక పదము నేర్చి యుందును. ప్రశ్న యిచ్చుటచే ఒక పద్ధతి నేర్చితిని.

మూడవది పేర్ల చిక్కు. ఇచ్చట తెలుగు విద్యార్థికి గల యధికారము మరెవ్వరికిని లేదు. ఫ్రెంచి లేఖకుడు తన చెవికి వినబడినట్లు వ్రాసెను. మన ఉకారమునకు ‘ఓ, యు’ అను రెండక్షరములు, చకారమునకు ‘టి, సి, హెచ్’ అను మూడక్షరములు, జకారమునకు ‘డి, జె’ అను రెండక్షరములు వాడుట వారి యలవాటు. హ్రస్వ దీర్ఘములకు, త ట లకు భేదముండదు. యానాము పేరే ఫ్రెంచిలో అనునాసికముతో ముగియును. ఇంటిపేరు ముందుండు మన సంప్రదాయము తెలియని సూచిక కర్త ఒకే మనుష్యుని రెండు చోట్ల చేర్పవచ్చును. కావున ప్రతి పేరును రెండు విధముల వెదకి, మూలమందలి వర్ణక్రమమును తప్పక గుర్తు పెట్టుకొని, పిమ్మటనే తెలుగు రూపమును నిర్ణయింపవలయును.

ఇక రచన. తెలుగున వ్రాసి ఫ్రెంచిలోనికి మార్చుట తగదు. చిన్న వాక్యములతో నైనను ఆ భాషయందే ఆలోచింప నలవాటు పడవలయును. వ్యాసమంతయు ముగిసిన పిదప గాక, ఒక్కొక్క ప్రకరణమును పర్యవేక్షకునికి చూపవలయును. ఆయన దోషమున్న చోటు చూపినచో చాలును. దిద్దుకొనుట విద్యార్థి పని. దిద్ది యిచ్చిన వ్యాసము ఎంత చక్కగా నున్నను గురువుదే యగును.

ఈ శ్రమ పట్టమునకై మాత్రమే యని తలపరాదు. ఆ పత్రములలో గోదావరి సీమ రైతులు, నేతగాండ్రు, నౌకావర్తకులు, 1828 మొదలు రెయునియన్ దీవికి కూలికి పోయినవారు అపరిచిత లిపిలో నిలిచియున్నారు. ఫ్రెంచి మాత్రమే తెలిసినవానికి వారు వట్టి అక్షరములు. తెలుగు మాత్రమే తెలిసినవానికి వారు కనబడనే కనబడరు. రెండును నేర్చిన విద్యార్థియే వారిని వారి పేరుతో పిలువగలడు.