శిశువులు – సీసవిషము

బిడ్డ మన్ను తినుట మన యిండ్లలో వింతగాదు. కసరి, నోరు కడిగి, నులిపురుగులకు మందు పోసి యూరకుందుము. రెండేండ్ల మా చిన్నవాడు పాలిపోయి, కడుపునొప్పియని యేడ్చుచు, ఊరక మొండికి తిరుగుచుండగా నేనును అట్లే చేసితిని. మూడు మాసములు గడచినను గుణము కనబడలేదు. తుదకొక వైద్యుడు రక్తమును పరీక్షింపించెను. డెసిలీటరు, అనగా నూరు మిల్లీలీటర్ల రక్తమున 14 మైక్రోగ్రాముల సీసము తేలినది. 5 ఉన్నచో కారణమును వెదకి తొలగింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 లో చెప్పినది. ఇంతవరకు భయము లేదనదగిన మేర మాత్ర మేదియు లేదట.

వైద్యుడు మందు వ్రాయుటకు ముందు మా యింటిని గూర్చియే ప్రశ్నించెను: తలుపుల రంగు లెప్పటివి, వంటపాత్ర లెట్టివి, బొట్టు దేనితో పెట్టుదురు, పసుపెచ్చటిది అని.

అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. సంక్రాంతికి ముందు, మే మద్దెకున్న పాతయింటి కిటికీలను ఉప్పుకాగితముతో గీకించి క్రొత్తరంగు వేయించితిమి. ఆ పొడి నాలుగు దినములు వసారానిండ పడియుండెను. బిడ్డ అందులోనే యాడుకొని ఆ వ్రేళ్లే నోట పెట్టుకొనెను. పొడిచీపురుతో దాని నిల్లెల్ల రేపినదానను నేనే! మన దేశమున ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2016 లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగులను నమ్మరాదు. వానిని పొడిగా గీకింపరాదు, కాల్పింపరాదు. నీటితో తడిపి గీకించి, పిదప అంతయు తడిగుడ్డతో తుడుచువరకు పిల్లలను, గర్భిణులను వేరొకయింట నుంచవలెను.

ఇక బొట్టు. నాగమను మాట పామునకు, ఏనుగునకే గాక సీసమునకును చెల్లును. అమరకోశమున సిందూరమునకు నాగసంభవమని పేరు. చిన్ననాట వల్లించితినే గాని, ఎఱ్ఱని యా పొడి సీసమునుండి పుట్టినదని ఆ పేరే చెప్పుచున్నదని నాకు తోచలేదు. నేడు అంగళ్లలో నమ్ము సిందూరములు కొన్నింటిలోను సీసము కనబడుచున్నది. చంటిబిడ్డల నొసట దానిని పెట్టకున్న స్వామికి కోపము రాదు. పసుపుతో చేసిన కుంకుమకు ఈ దోషము లేదు. ఆ పసుపు మంచిదైనచో.

ఏలననగా, బంగ్లాదేశపు పల్లెలలో గర్భిణుల రక్తమున సీసము హెచ్చుగా కనబడగా, పరిశోధకులు పురుగుమందులను, ఆహారము నిలువచేయు డబ్బాలను, ఇంక నెన్నింటినో శోధించిరి. దోషము పసుపునందు తేలినది! 1980 తరువాతి దశకమున నొక పెద్దవరదకు పంట తడిసి కొమ్ములు వెలవెలబోగా, వర్తకులు లెడ్ క్రోమేటు అను పచ్చనిరంగును పట్టించి అమ్మసాగిరట. వరద తీసినను అలవాటు తీయలేదు. 2019 లో ప్రభుత్వమువారు అంగళ్లను తనిఖీచేసి, జరిమానాలు విధించి, కలిపినవారికి శిక్ష తప్పదని చాటించిరి. ఆ యేట నూటికి 47 పసుపు నమూనాలలో సీసముండగా, 2021 నాటికి ఒక్కదానియందును లేకపోయెను. ఇట్టి కల్తీ మన దేశమున పాట్నా పసుపులోను కనబడినట్లు 2024 లో ప్రకటింపబడినది. దుగ్గిరాల, నిజామాబాదు పసుపులు వాడుకొను మనము మన పంటనే శంకింపనక్కరలేదు. కాని పైనిగ్గును జూచి మురియక, కొమ్మును విరిచి లోపలి రంగు చూడవలెను. చేతికి రంగు రాలు కొమ్మును మానవలెను.

పాత్రల మాట రెండు ముక్కలలో చెప్పెదను. ఇత్తడిగిన్నెకు కళాయి వేయించునప్పుడు సీసము కలియని తగరమునే వాడింపవలెను. చింతపండు పులుపు సీసమును కరగించి చారులోనికి దింపును.

పెద్దలకంటె పసివారి ప్రేగులు సీసమును నాలుగైదు రెట్లు హెచ్చుగా గ్రహించును. అది రక్తమును క్షీణింపజేసి, ఎదుగుచున్న మెదడును చెరచును. బుద్ధికి, ఓర్పునకు కలిగిన ఆ హాని మరల పూడదు. మిగిలినది ఎముకలలో దాగి, ఆడుబిడ్డయైనచో ఏండ్లకు పిమ్మట ఆమె గర్భముననున్న శిశువును చేరగలదు. లోకమున ముగ్గురు పిల్లలలో నొకరి రక్తమున 5 మైక్రోగ్రాములు గాని, అంతకు మించి గాని యున్నదని యునిసెఫ్ సంస్థ 2020 లో వెల్లడించినది. వారిలో పెక్కురకు ఏ బాధయు పైకి కనబడదు. కావున పాతయింట రంగు గీకించినవారును, ఇంటిలో గాని ప్రక్కన గాని పాతబ్యాటరీలు కరగించు పని యున్నవారును, బిడ్డ ఆరోగ్యముగా నున్నాడని యూరకుండక రక్తము చూపింపవలెను.

ఇనుము, సున్నపుధాతువు కొఱవడిన దేహము సీసమును మఱింత పీల్చుకొనును. మావానికి వైద్యుడు ఇనుపధాతువు మందిచ్చి, రాగిజావ, పాలు, ఆకుకూరలు పెట్టుమనెను, ఖాళీకడుపుతో నుంచవలదనెను. అన్నమునకు ముందును, నిద్రకు ముందును సబ్బుతో చేతులు కడుగుచున్నాను. ఆరు మాసములకు 14 దిగి 8 అయినది. ఎముకలలో చేరినది మెల్లగా గాని దిగదట. మాఘమున మరల చూపింపవలెను.