ఇల్లు కట్టే కాంట్రాక్టరుకు లైసెన్సు ఏది?
ఒప్పంద పత్రం లేకుంటే యజమానికి చిక్కులే

భీమవరం: విదేశాల్లో ఉంటున్న కుమారులు స్వగ్రామంలో ఇంటి నిర్మాణానికి సొమ్ము పంపుతూ తల్లిదండ్రులను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉందా అని. వారున్న చోట అది సహజమైన ప్రశ్నే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో నాలుగేళ్ల పని అనుభవం చూపి, పరీక్షలో నెగ్గి, 25 వేల డాలర్ల పూచీ బాండు సమర్పించిన వారికే అక్కడి రాష్ట్ర బోర్డు కాంట్రాక్టరు లైసెన్సు మంజూరు చేస్తుంది. ఇంటి మరమ్మతులు, మార్పుల ఒప్పందాల్లో అడ్వాన్సుగా తీసుకునే మొత్తం వెయ్యి డాలర్లు, లేదా ఒప్పంద విలువలో 10 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని మించరాదన్నది కూడా అక్కడి నిబంధన.

మన రాష్ట్రంలో సొంత ఇంటిని నిర్మించే మేస్త్రీకి గాని, చిన్న కాంట్రాక్టరుకు గాని పరీక్ష పెట్టి లైసెన్సు ఇచ్చే బోర్డు లేదు. అపార్టుమెంట్లు, బహుళ అంతస్తుల భవనాల నిర్మాతల సంగతి వేరు. వంద, రెండు వందల గజాల స్థలంలో ఇల్లు కట్టించుకునే సామాన్యునికి కాంట్రాక్టరు పనితనంపై ప్రభుత్వం ఇచ్చే హామీ పత్రమంటూ ఏదీ ఉండదు. అయినప్పటికీ లైసెన్సు హోల్డర్లమని చెప్పుకునేవారికి కొదవ లేదు. వారు చూపే కాగితాలేమిటో, అవి దేనికి పనికివస్తాయో గృహస్థులు తెలుసుకోవలసి ఉంది.

కాగితాలు అనేకం.. అర్థాలు వేరు

మొదటిది ప్రభుత్వ శాఖల్లో కాంట్రాక్టరుగా నమోదైన ధ్రువపత్రం. స్పెషల్ క్లాసు మొదలుకొని వివిధ తరగతుల్లో ఇచ్చే ఈ నమోదు ప్రభుత్వ పనుల టెండర్లలో పాల్గొనేందుకు ఉద్దేశించినది. కాలువ గట్టు పనిలోనో రోడ్డు పనిలోనో అనుభవం గడించిన వ్యక్తి ఇంటి పనిలో కూడా సమర్థుడని దాని అర్థం కాదు. రెండవది జీఎస్టీ నంబరు. అది పన్నుకు సంబంధించినది మాత్రమే. ఒకే కుటుంబం నివసించే విడి ఇంటికి కేవలం కూలి కాంట్రాక్టు చేసే పనికి జీఎస్టీ మినహాయింపు ఉంది. సామగ్రితో సహా ఒప్పుకుంటే, కాంట్రాక్టరు నమోదైన వ్యక్తి అయినప్పుడు 18 శాతం పన్ను పడుతుంది. చెప్పిన ధరలో పన్ను కలిసి ఉన్నదా, లేదా అన్నది ముందే తేల్చుకోకపోతే చివరి బిల్లులో గొడవ తప్పదు. మూడవది కార్మిక శాఖ లైసెన్సు. అది పనిలో పెట్టుకున్న కూలీలకు సంబంధించినది.

ఇక పురపాలక సంఘానికి సమర్పించే ప్లానుపై సంతకం చేసే లైసెన్సుడు టెక్నికల్ పర్సన్ ఒకరుంటారు. జనం నోట ఆయన ‘ప్లాను ఇంజినీరు’. ఈయనది నిజమైన లైసెన్సే. అయితే ప్లాను నిబంధనలకు అనుగుణంగా ఉన్నదని ధ్రువీకరించడం ఆయన ప్రధాన బాధ్యత. రోజూ వచ్చి కాంక్రీటు పాళ్లు చూడడం, కడ్డీలు లెక్కపెట్టడం అందులో భాగం కాదు. పర్యవేక్షణ కూడా కావాలనుకుంటే అందుకు వేరుగా రుసుము చెల్లించి, ఏయే దశల్లో వచ్చి చూడాలో రాయించుకోవాలి. లక్షలు ఖర్చుపెట్టే యజమానులు ఈ కొద్దిపాటి రుసుము దగ్గరే వెనుకాడుతుండడం విచిత్రం.

రెరా ఉన్నది గదా అనే భరోసా కూడా చాలామందిలో ఉంది. 2016 నాటి ఆ చట్టం ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మే ప్రమోటర్లకు వర్తిస్తుంది. స్వాధీనం చేసిన ఐదేళ్లలోగా నిర్మాణ లోపం బయటపడితే ప్రమోటరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని అందులో ఉంది. సొంత స్థలంలో కాంట్రాక్టరును పెట్టి కట్టించుకునే ఇంటికి ఈ రక్షణ లేదు. ఫ్లాటు కొన్నవారికి చట్టం ఇచ్చిన హామీని ఇల్లు కట్టించుకునేవారు తామే ఒప్పందంలో రాయించుకోవలసి వస్తున్నది.

చదరపు అడుగు ఎక్కడి నుంచి ఎక్కడికి?

తగాదాల్లో పెద్దది కొలత వద్దనే పుడుతున్నది. చదరపు అడుగుకు ఇంత అని ఇరువురూ ఒప్పుకుంటారు. ఆ అడుగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మాత్రం ఎవరూ మాట్లాడుకోరు. ఉదాహరణకు 25 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు గల ఇంటిని తీసుకుందాం. బయటి గోడల కొలత ప్రకారం అది 900 చదరపు అడుగులు. ముందు వైపు స్లాబును 3 అడుగులు బయటికి పోస్తే మరో 75 అడుగులు కలుస్తాయి. మేడ మీద మెట్ల గది కప్పు 10 అడుగులకు 12 అడుగులైతే ఇంకో 120. యజమాని మనసులో ఉన్నది 900, కాంట్రాక్టరు లెక్కలో ఉన్నది 1,095. అడుగుకు 1,800 రూపాయలనుకుంటే తేడా 3 లక్షల 51 వేల రూపాయలు. ఇందులో మోసమేమీ లేకపోవచ్చు. స్లాబు కొలత తీసుకోవడం, బయటికి వచ్చిన భాగానికి సగం రేటు కట్టడం, గోడల కొలతే తీసుకోవడం ఇలా పలు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఏ పద్ధతో ప్లాను ప్రతి మీదనే రాసి ఇరువురూ సంతకాలు చేసుకుంటే ఈ రగడ ఉండదు.

అడుగు రేటులో కలవనివి మరికొన్ని ఉన్నాయి. డెల్టా గ్రామాల్లో స్థలాలు పల్లంగా ఉండి మెరక తోలవలసి వస్తుంది. నల్లరేగడి నేలల్లో పునాది లోతు, రకం మారి ఖర్చు పెరుగుతుంది. మెరక, బోరు, నీటి సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, ముందు భాగపు అలంకరణ రేటులో చేరతాయా అంటే, ‘అవి మామూలే గదండీ’ అన్న జవాబు వస్తుంది. ఆ ‘మామూలు’ అనే మాటకు ఇరువైపులా వేర్వేరు అర్థాలున్నాయి.

పని వెనుకనే పైకం

బేస్‌మెంటు, లింటెల్, స్లాబు, ప్లాస్టరింగు ఇలా దశలవారీగా చెల్లించే పద్ధతి అంతటా ఉన్నదే. పని పూర్తయ్యాక చెల్లించాలా, మొదలుపెట్టే ముందా అన్నదే అసలు ప్రశ్న. స్లాబు సొమ్ము ముందే అందుకున్న కాంట్రాక్టరు దానితో మరో ఊరిలో పునాదులు తీయడం, ఇక్కడి ఇల్లు లింటెల్ మట్టంలో నెలల తరబడి ఆగిపోవడం జిల్లాలో అరుదైన విషయం కాదు. బ్యాంకు రుణం తీసుకున్నవారికి ఇబ్బంది రెట్టింపు. జరిగిన పనిని చూసి మాత్రమే బ్యాంకు తదుపరి విడత విడుదల చేస్తుంది. కాంట్రాక్టరు ముందే అడిగితే యజమాని అధిక వడ్డీకి బయట అప్పు తేవలసి వస్తుంది. కాబట్టి ఒప్పందంలోని దశలను బ్యాంకు విడతలతో సరిచూసుకోవడం ఉత్తమం. మొత్తంలో 5 శాతమైనా ఒక వర్షాకాలం గడిచేవరకు అట్టిపెట్టుకునే షరతు ఉండాలి. స్లాబు కారేదీ లేనిదీ తెలిసేది వానల్లోనే. కూలీకి ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో, బీమా ఎవరు చేయించాలో కూడా ఆ పత్రంలోనే ఉండాలి.

యజమాని స్వయంగా చూడదగినవి

సాంకేతిక విషయాలు మనకేం తెలుస్తాయని ఊరకుండనక్కరలేదు. భారత ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 456 ప్రకారం స్లాబులు, స్తంభాల వంటి ఇనుప కడ్డీల కాంక్రీటుకు కనీస గ్రేడు ఎం20. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ల వాడుక దీనికి సంబంధించినదే. బస్తాకు 30 లీటర్ల నీరు దాటరాదు. పని సులువు కోసం కూలీలు నీరు పెంచితే స్లాబు బలం తగ్గుతుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ 12 మీటర్ల పొడవుది సుమారు 10.6 కిలోలు తూగాలి. బాగా తక్కువ తూగితే ప్రశ్నించవచ్చు.

సెంట్రింగు తీసే విషయంలో తొందర ఎక్కువగా కనిపిస్తున్నది. రేకులు, కర్రలు మరో పనికి తరలించాలన్నది కాంట్రాక్టరు ఆత్రం. సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటు వాడినప్పుడు నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింది ఆధారాలను 7 రోజులు, అంతకు మించిన స్లాబుకు 14 రోజులు కదిలించరాదు. ఆరు మీటర్ల లోపు దూలాలకు 14 రోజులు, మించితే 21 రోజులు. ఎక్కువగా వాడుతున్న పీపీసీ రకానికి ఇంకొంత గడువు అవసరం. నీరు పెట్టడం కూడా పీపీసీకి కనీసం 10 రోజులు సాగాలి.

వివాదం వస్తే..

గృహ నిర్మాణం వినియోగదారుల చట్టం పరిధిలోని సేవే. 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2019 నాటి చట్టంలోనూ గృహ నిర్మాణమనే మాట స్పష్టంగా ఉంది. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 5 లక్షల వరకు రుసుము లేదు. ఆపై 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు చెల్లించాలి. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకునే వీలుంది. వివాద కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా దాఖలు చేయాలి. ముందుగా సలహా కావలసినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

నోటిమాట ఒప్పందం కూడా చట్టరీత్యా చెల్లుతుంది గాని, దానిని రుజువు చేయడమే కష్టం. ‘మన మేస్త్రీయే గదా’ అని రసీదు అడగడానికి మొహమాటపడేవారు కనీసం చెల్లింపులైనా బ్యాంకు ద్వారా జరపాలి. లోపం కనిపించిన వెంటనే మరొకరిని పిలిచి పగుళ్లు పూడ్పించి, రంగు వేయించి, ఆ తర్వాత కమిషన్‌కు వెళ్తే చూపడానికి ఆధారమే మిగలదు. మరమ్మతుకు ముందే ఫొటోలు తీయించి, వేరే ఇంజినీరుతో నివేదిక రాయించి, ఆ ప్రతిని జతచేస్తూ కాంట్రాక్టరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి.