మరమనుషుల జట్టులో కొత్త పిల్లలు

పిల్లలూ! మా చిన్నతనంలో మరమనిషి అనేవాళ్ళం, ఇప్పుడు మీరంతా రోబో అంటున్నారు. ఈ మాట పుట్టి నూరేళ్ళు దాటింది. చెకొస్లొవేకియా దేశపు రచయిత కారెల్ చాపెక్ 1920లో ఒక నాటకం రాశాడు. అందులో కార్ఖానాలో తయారై, మనుషులకు బదులు చాకిరీ చేసే కృత్రిమ మనుషులుంటారు. వాళ్ళకు ఏం పేరు పెట్టాలో తోచక ఆయన తన అన్న జోసెఫ్‌ను అడిగితే, ఆయన ఈ మాట అందించాడు. చెక్ భాషలో రొబోత అంటే వెట్టిచాకిరీ అన్నమాట.

ఈ వెట్టిచాకిరీ సంగతి కాస్త గుర్తుంచుకోండి. దానితో మళ్ళీ పని పడుతుంది.

నేను చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసి, దాచేపల్లిలో ఉంటున్నాను. మాది పత్తీ మిరపా పండే పల్నాడు. మా వైపు ఒక ఉన్నత పాఠశాలలో పిల్లలు రోబో జట్టు పెట్టుకున్నారు. నీతి ఆయోగ్ వారు 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో 10,000 బళ్ళలో ఉన్నాయి. మీ బడిలోనూ ఉండవచ్చు. ఈ బడిలో మాత్రం అటువంటిది లేదు. ఒక పాత గది, ఒక బల్ల, చందాలు వేసుకుని కొన్న కొద్దిపాటి సామాను, అంతే. సాయంత్రంపూట ఊసుపోక నేనూ వెళ్ళి ఒక మూల కూర్చుంటాను.

ఒక ఏడు జూన్ నెలలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఆ జట్టులో చేరింది. జట్టులో ఉన్న నలుగురూ పదో తరగతి వాళ్ళే. మంచి పిల్లలు, తెలివైనవాళ్ళు. అయితే ఆ అమ్మాయికి వాళ్ళిచ్చిన పనేమిటో తెలుసా? గది ఊడవటం, మంచినీళ్ళు తేవటం, తీగముక్కలు ఏరి డబ్బాలో వేయటం. బల్ల దగ్గరికి వస్తే మాత్రం, "ముట్టుకోకు, కాలిపోతుంది!" అనేవాళ్ళు. నెల తిరిగేసరికి ఆ పిల్ల నాతో అన్నది: "రేపటినుంచి రాను మాస్టారూ. చీపురు మా ఇంట్లోనూ ఉంది."

చూశారా! రోబోను చేద్దామని చేరిన పిల్లను వాళ్ళే రోబోను చేసి కూచోబెట్టారు.

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఎందుకంటే హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు సైన్సు బీరువాకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకు తిరిగినవాణ్ణి నేనే. గాజుసామాను పగిలిపోతుందని భయం. ఏళ్ళ తరబడి ఒక్క బీకరూ పగలలేదు. ఏ పిల్లవాడూ దాన్ని పట్టుకోనూ లేదు.

వెళ్ళబోతూ ఆ అమ్మాయి ఇంకో మాట అన్నది: "అక్కావాళ్ళ బండి కిటికీ ఎండ పడ్డచోటే దారి తప్పుతోంది మాస్టారూ. ఎవరూ అడగలేదని చెప్పలేదు."

ఇక్కడ ఆ బండి సంగతి చెప్పాలి. మా వైపు గదుల్లో నేలంతా నాపరాళ్ళు, నల్లగా ఉంటాయి. అందుకని పిల్లలు నేలమీద తెల్ల చార్టుకాగితాలు అతికించి, వాటిమీద నల్లటేపుతో గీత వేశారు. బండి ఆ గీత వెంట తనంతట తానే నడవాలి. బండి కింద చిన్న కన్ను ఉంటుంది. అది మనకు కనిపించని పరారుణ కాంతిని నేలమీదికి వదులుతుంది. తెల్లకాగితం ఆ కాంతిని తిప్పికొడుతుంది, నల్లటేపు చాలావరకు మింగేస్తుంది. తిరిగివచ్చిన కాంతిని బట్టి గీత ఎక్కడుందో బండి తెలుసుకుంటుంది. మీ ఇంట్లో టీవీ రిమోటు వదిలేదీ ఈ కాంతే. రిమోటు మూతిని ఫోను కెమేరాకు చూపించి మీట నొక్కండి. చాలా ఫోనుల్లో చిన్న వెలుగు కనిపిస్తుంది.

పెద్దపిల్లలు మూడు రోజులుగా బ్యాటరీ మార్చారు, చక్రాలు విప్పి బిగించారు, ప్రోగ్రాము తిరగరాశారు. బండి మాత్రం ఒకేచోట గీత తప్పుతూనే ఉంది. ఎండలోనూ పరారుణ కాంతి బోలెడంత ఉంటుంది గదా! పడమటి కిటికీ ఎండ వచ్చి పడేసరికి, నల్లగీత మీద ఉన్నా కంటికి కాంతే కాంతి. అది తెలుపు అనుకుని బండి పక్కకు పోయేది. మర్నాడు కిటికీ మూయించాను. బండి గీత తప్పలేదు. తరవాత ఆ అమ్మాయే చెప్పులపెట్టె అట్టముక్క కత్తిరించి కంటిచుట్టూ గొడుగులా కట్టింది. ఇక కిటికీ మూయవలసిన పని లేకపోయింది.

అయితే పెద్దపిల్లల భయం ఉత్తది కాదు సుమా. అంతకుముందు ఏడు కొత్తగా చేరిన పిల్లవాడొకడు మోటారు తీగలను తిన్నగా ఆర్డుయినో బోర్డుకు తగిలించి, దాన్ని పాడుచేశాడు. ఆ బోర్డు ఒక్కొక్క కాలు నుంచి తీసుకోదగింది సుమారు 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు. బొమ్మమోటారు అయినా అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. సాగరు కాలువ తలుపు ఎత్తేవాడు మీట నొక్కుతాడే గాని, తలుపును భుజంతో ఎత్తడు. బోర్డు కూడా అంతే, ఆజ్ఞ ఇస్తుంది. బలం బ్యాటరీ నుంచి రావాలి. ఆ రెంటికీ నడుమ డ్రైవరు అనే ఇంకో చిన్న బోర్డు ఉండాలి. ఈ సంగతి ఆ పిల్లవాడికి ముందుగా ఎవరూ చెప్పలేదు. తప్పు ఎవరిది?

అందరం కూచుని ఆలోచించాం. కొత్తవాళ్ళకని ఒక పాత బోర్డు వేరే పెట్టారు. అది కాలినా ఎవరూ ఏమీ అనకూడదు. మొదటిరోజే ప్రతివాళ్ళ చేతికీ ఒక ఎల్.ఇ.డి. దీపం, ఒక నిరోధకం, ఒక బ్యాటరీ ఇవ్వాలి. పొడుగు కాలు ధనధ్రువం వైపు. తిరగేసి పెడితే వెలగదు; నిరోధకం లేకుండా 9 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ఆయువు తీరుతుంది. ఎల్.ఇ.డి. ఖరీదు కొద్ది రూపాయలే. ఒకటి పోయినా నష్టం లేదు.

కొత్త కోడెను కాడికి అలవాటు చేసే రైతు ఏం చేస్తాడో మీ తాతగారిని అడగండి. నెమ్మదైన పాత ఎద్దును రెండోపక్క కడతాడు. జట్టులోనూ ఒక పాత, ఒక కొత్త, ఇద్దరిద్దరు జత. స్క్రూడ్రైవరు మాత్రం కొత్తవాళ్ళ చేతిలోనే ఉండాలి. పాతవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నోటితో చెప్పాలి. ఇది వినటానికి తేలిక. చేసి చూడండి! పక్కవాడు మర తిప్పలేక అవస్థ పడుతుంటే మీ చేతులు దురద పెడతాయి.

ఒక తండ్రి నాతో అన్నారు: "మా వాడు పోటీకి తయారవాలి గాని, చిన్నపిల్లలకు నేర్పుతూ కూచుంటే ఎలాగండీ?" న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో డీన్ కామెన్ అనే ఆయన 1989లో ఫస్ట్ అనే సంస్థ పెట్టాడు. 1992లో వారి మొదటి రోబో పోటీ న్యూహాంప్‌షైర్‌లోని ఒక బడిలో 28 జట్లతో జరిగింది. ఇప్పుడు ఆ పోటీల్లో ముగ్గురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు జట్లు ఆడతాయి. ఈ ఆటలో మీకు ఎదురునిలిచిన జట్టు వచ్చే ఆటలో మీ తోడు కావచ్చు. కనుక పక్క జట్టు మోటారు చెడితే తమ దగ్గరున్నది ఇచ్చి మరీ నిలబెడతారు. కొత్త జట్టు కుంటితే దానితోపాటు తామూ ఓడతామని వాళ్ళకు తెలుసు. మన ఊరి జట్టుకు ఇంకో ఇబ్బంది ఉంది. మార్చి పరీక్షలతో పదో తరగతి వాళ్ళు వెళ్ళిపోతారు. నేర్చుకున్నదంతా వాళ్ళతోపాటే గేటు దాటితే, జూన్‌లో బల్లమీద మిగిలేది బండి ఒక్కటే. అది ఎందుకు నడుస్తుందో చెప్పేవాళ్ళు ఉండరు.

అందుకే ఒక పుస్తకం పెట్టారు. గెలిచినవి కాదు, చెడినవి అందులో రాయాలి. ఏం చెడింది, ఎందుకని అనుకున్నాం, చివరికి ఏమని తేలింది. మొదటి పేజీలో కిటికీ ఎండ సంగతి ఉంది, ఆ అమ్మాయి దస్తూరీతోనే.

ఆమె తొమ్మిదో తరగతికి వచ్చిన జూన్‌లో ఆరుగురు కొత్తపిల్లలు చేరారు. అందులో ఆరో తరగతి బుడతడొకడు ఎల్.ఇ.డి.ని తలకిందులుగా పెట్టి, బ్యాటరీని ఊపి చూశాడు, ఊది చూశాడు. వెలగలేదు. "అక్కా, ఇది చెడిపోయింది" అన్నాడు.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుని, "దాని కాళ్ళు రెండూ ఒకటే పొడుగున్నాయేమో చూడు" అన్నది.