గాడిద ఎందుకు మౌనంగా ఉంటుంది?

"గాడిదకేం తెలుసు గంధపుపొడి వాసన" అంటాం. చెప్పిన మాట విననివాణ్ణి మొండిగాడిద అంటాం. నడుం విరిగేలా పనిచేస్తే గాడిద చాకిరీ అంటాం. ఇన్ని సామెతల్లో, ఇన్ని తిట్లలో ఈ జంతువును వాడుకునే మనం దాని శరీరాన్ని గురించి తెలుసుకున్నది మాత్రం చాలా తక్కువ. ఇసుక సంచులతో తలవంచుకుని కదలకుండా నిలబడిన గాడిదను చూసి "పాపం, ఎంత ఓర్పో!" అనుకుంటాం. అది ఓర్పేనా, లేక జబ్బా? ఈ రెంటికీ తేడా తెలుసుకోవడం మీదే ఒక్కోసారి దాని ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ఎడారి నేర్పిన అలవాటు

గుర్రం, గాడిద దగ్గరి బంధువులు. మగగాడిదకూ ఆడగుర్రానికీ పుట్టేదే కంచరగాడిద. గుర్రానికి 64 క్రోమోసోములు, గాడిదకు 62, కంచరగాడిదకు 63 ఉంటాయి. ఇంత చుట్టరికం ఉన్నా గుర్రం స్వభావం వేరు, గాడిద స్వభావం వేరు.

గుర్రం పూర్వీకులు పచ్చిక మైదానాల్లో మందలుగా బతికాయి. అపాయం వస్తే పరుగే వాటికి రక్ష. గాడిద పూర్వీకులు ఈశాన్య ఆఫ్రికాలోని రాళ్లు నిండిన ఎడారుల్లో తిరిగిన అడవిగాడిదలు. మనిషి వాటిని మచ్చిక చేసుకుని సుమారు 7000 ఏళ్లయింది. మేతే కరువైన చోట పెద్ద మందలకు వీలుండదు. రాళ్లలో గుడ్డిగా పరుగెత్తితే కాలు విరుగుతుంది. అందుకే గాడిద భయం కలిగినప్పుడు ఆగిపోతుంది, చెవులు నిక్కించి చూస్తుంది, ఆ తరువాతే అడుగు వేస్తుంది. మనం మొండితనం అనుకునేది చాలాసార్లు ఈ జాగ్రత్తే. బలహీనపడిన జంతువునే క్రూరమృగం ముందుగా పట్టుకుంటుంది కనుక, బాధను పైకి కనపడనీయకపోవడం కూడా గాడిదకు అలవాటైందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

దీని ఫలితం చూడండి. కడుపునొప్పి వస్తే గుర్రం కాలితో నేలను గీరుతుంది, పొట్టవైపు తిరిగి చూస్తుంది, కిందపడి దొర్లుతుంది. అంతే నొప్పి గాడిదకు వస్తే అది తల వాల్చి, మేత మాని, ఊరకే నిలబడుతుంది. చూసేవారికి అది విశ్రాంతి తీసుకుంటున్నట్టే ఉంటుంది.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. గాడిద మేత మానేస్తే దాని శరీరం నిలవ ఉన్న కొవ్వును కరిగించి రక్తంలోకి వదులుతుంది. ఆ కొవ్వు హద్దు మీరితే కాలేయం దెబ్బతింటుంది. ఈ స్థితిని హైపర్‌లిపీమియా అంటారు. ఇది కొద్ది రోజుల్లోనే ప్రాణం తీయగలదు. కాబట్టి మందకొడిగా నిలబడి మేత ముట్టని గాడిదను "రేపు చూద్దాంలే" అని వదిలేయకూడదు. ఆనాడే పశువైద్యునికి చూపించాలి.

వీపు మీది లెక్క

మీరు భౌతికశాస్త్రంలో పీడనం గురించి చదివారు కదా! బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుంది. ఆ సూత్రాన్ని గాడిద వీపుకు వర్తింపజేద్దాం.

బరువు కింద వేసే మెత్తను గంత అంటారు. వెన్నెముకకు అటూ ఇటూ 40 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పున గంత ఆనుతుందనుకోండి. రెండువైపులా కలిపి 1600 చదరపు సెంటీమీటర్లు. దానిమీద 50 కిలోల బరువు సమంగా పడితే ఒక్కో చదరపు సెంటీమీటరుకు సుమారు 31 గ్రాములు. చర్మంలోని కేశనాళికల్లో రక్తాన్ని నడిపించే పీడనం సుమారు 40 గ్రాములకు సమానం. అంటే ఈ బరువు కింద కూడా రక్తం పారుతూనే ఉంటుంది.

ఇప్పుడు బరువును 100 కిలోలు చేయండి. 62 గ్రాములవుతుంది. కేశనాళికలు నొక్కుకుపోతాయి. గంటల తరబడి రక్తం అందని చర్మం, దాని కింది కండ చచ్చిపోతాయి. ఇక గంతే లేకుండా 50 కిలోల బరువును తాడుతో కట్టి, అది వెన్నెముక మీద 50 చదరపు సెంటీమీటర్ల చోటే ఆనితే? చదరపు సెంటీమీటరుకు ఒక కిలో! గాడిదల వీపున కనిపించే పుండ్లకు ముఖ్యకారణం ఇదే. అందుకే మంచి గంతకు నడుమ కాలువలాంటి ఖాళీ ఉంటుంది. బరువు ఎముక మీద పడకుండా ఇరుపక్కల కండల మీద పడుతుంది.

చట్టం ఏమంటున్నది?

బరువులు లాగే, మోసే జంతువుల కోసం మన దేశంలో 1965లో నిబంధనలు చేశారు. వాటి ప్రకారం వీపున మోయించదగిన గరిష్ఠ బరువు గాడిదకు 50 కిలోలు, పొట్టిగుర్రానికి 70, కంచరగాడిదకు 200 కిలోలు. ఒక ఇటుక 3 కిలోలనుకుంటే గాడిదకు 16 ఇటుకలే. రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ దాటే చోట పగలు 12 నుంచి 3 గంటల వరకు అసలు పని చేయించరాదు. మన వేసవిలో ఈ హద్దు దాటని ఊరు అరుదు.

ఎడారి జంతువు కనుక గాడిద దాహాన్ని కూడా దాచుకుంటుంది. మరి దాహం వేసిందో లేదో తెలిసేదెలా? శుభ్రమైన నీళ్లు ముందు పెట్టి చూడడమే సులువైన పరీక్ష.

2012లో మన దేశంలో గాడిదలు సుమారు 3 లక్షల 20 వేలు. 2019 పశుగణనలో అవి 1 లక్షా 20 వేలకు తగ్గాయి. ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లు వాటి పనిని చాలావరకు తీసుకున్నాయి. అయితే వాహనం దూరని సందుల్లో, గట్ల మీద మిగిలినవి ఇంకా మోస్తూనే ఉన్నాయి. వాటి యజమానులు కూడా ఏ రోజు కూలి ఆ రోజు తినేవారే. గాడిద పడిపోతే ఆ ఇంటి పొయ్యి ఆరుతుంది. గంతకు పెట్టే కొద్దిపాటి ఖర్చు, నడిమధ్యాహ్నం మూడు గంటల విశ్రాంతి గాడిదతోపాటు ఆ కుటుంబాన్నీ కాపాడతాయి.

మీరేం చేయవచ్చు?

మీ ఊళ్లో పనిచేసే గాడిద ఉంటే యజమాని అనుమతి తీసుకుని, వెనుకవైపు పోకుండా, పక్కన కాస్త ఎడంగా నిలబడి గమనించండి. చెవులు కదుపుతున్నదా? మేత తింటున్నదా? నాలుగు కాళ్ల మీదా సమంగా నిలబడుతున్నదా? గిట్టలు పగిలి, వంకరగా పెరిగాయా? వీపున గాయం ఉన్నదా? గాయమైన చోట ధనుర్వాతం క్రిములు ప్రవేశించగలవు. ఆ వ్యాధి గుర్రపు జాతికి చాలా తేలికగా సోకుతుంది; టీకాతో దాన్ని నివారించవచ్చు. మీరు చూసిన తేడాలను యజమానికి మర్యాదగా చెప్పండి. దగ్గరి పశువైద్యశాల ఎక్కడున్నదో తెలుసుకుని ఆయనకు దారి చూపండి. బడినుంచి వచ్చేటప్పుడు ఒక బకెట్టు నీళ్లు దాని ముందు పెట్టడం మరువకండి.