కరెంటు పెట్టించుకున్న అమ్మను దూరం పెట్టకండి

"మా అమ్మకు కరెంటు పెట్టించి తీసుకొచ్చాం డాక్టరుగారూ. పసిపిల్లల్ని ఆమె పక్కన పడుకోబెట్టవచ్చా?" గురజాల, మాచర్ల వైపు నుంచి వచ్చేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొన్ని ఇళ్లలో అడగకుండానే కంచం, గ్లాసు వేరు చేసేస్తారు. గుంటూరులోనో, హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రిలోనో వారాల తరబడి చికిత్సకు ఓర్చుకున్న తల్లికి ఆ వేరు కంచమే పెద్ద బాధ.

నిజమేమిటంటే, బయటి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో నిలవదు. లైటు ఆర్పితే గదిలో వెలుతురు మిగలదు గదా! పిల్లల్ని నిశ్చింతగా ఎత్తుకోవచ్చు.

మరి 'అర్ధాయువు' అంటే? రేడియోధార్మిక పదార్థం శక్తి సగానికి తగ్గే కాలం. కోబాల్టు-60కి అది సుమారు 5 సంవత్సరాల 3 నెలలు. కాని ఆ కోబాల్టు ఉండేది యంత్రంలో, రోగిలో కాదు. థైరాయిడ్ క్యాన్సరుకు మింగించే అయోడిన్-131 సంగతి వేరు. అది ఒంట్లోకే వెళుతుంది. దాని అర్ధాయువు 8 రోజులు: 8 రోజులకు సగం, 16కు పావు, 24కు అరపావు. మూత్రంలో కూడా పోతుంది కనుక ఇంకా త్వరగా తగ్గుతుంది. వీరు మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులు గర్భిణులకు, చిన్నపిల్లలకు దూరంగా ఉండాలి.

అయితే పొయ్యి ఆరినా కాలిన మచ్చ మిగులుతుంది. రేడియేషన్ తగిలిన చోట సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. ఆ ఫలితం నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు.

చుట్ట, గుట్కాల వల్ల నోటి క్యాన్సరు వచ్చి చికిత్స పొందినవారికి లాలాజలం తగ్గి పళ్లు పుచ్చుతాయి. పదేళ్ల తర్వాతైనా సరే, పన్ను పీకించేముందు రేడియేషన్ సంగతి తప్పక చెప్పండి. చెప్పకుండా పీకిస్తే పుండు మానక దవడ ఎముక కుళ్లే ప్రమాదముంది. మెడకు రేడియేషన్ తీసుకున్నవారు ఏటా థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

గర్భసంచి ముఖద్వార క్యాన్సరుకు చికిత్స పొందినవారికి మలంలో, మూత్రంలో రక్తం కనిపిస్తే మొలలని సరిపెట్టుకోవద్దు. జబ్బు తిరగబెట్టిందని బెంబేలు పడవద్దు. వెంటనే చూపించుకోండి.

ఏ భాగానికి, ఎప్పుడు, ఎంత మోతాదు ఇచ్చారో రాసిన కాగితాన్ని పొలం పత్రంలా భద్రపరచండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా వెంట తీసుకెళ్లండి. అమ్మ కంచాన్ని మాత్రం మళ్లీ అందరి కంచాలతో కలపండి.